రంగనాథ్ పడ్డ కష్టాలన్నీ నావే

మైకు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని ఖాజా అడిగాడు. ఖాజా నా దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు వనపర్తిలో నా దుకాణం కంటే పెద్ద దుకాణం పెట్టుకుని, బీరువాలంత స్పీకర్లు లారీలో వేసుకుని తిరుగుతున్నాడు. అవి వనపర్తిలో మోగితే నాగర్‌కర్నూల్లో అటక మీది గిన్నెలు కింద పడతాయి. వాడి మీద నాకు కుళ్ళుంది. కానీ అది చిన్న కుళ్ళు, పూటకో గోళీతో సర్దుకుపోయే రకం. నన్ను ఇన్నేళ్ళు నిద్రపోనివ్వని పెద్ద కుళ్ళు వేరే ఉంది. దాని పేరు రంగనాథ్.

రంగనాథ్ ఎవరో మీకు చెప్పక్కర్లేదు. సినిమాల్లో పాడతాడు. హార్మోనియం ముందు కూర్చుని విదేశాల్లో కచేరీలు చేస్తాడు. వాడు ఆలాపన మొదలుపెడితే పైన పోయే విమానాలు కాసేపు ఆగి విని పోతాయని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి. వాడూ నేనూ ఒకే ఊరివాళ్ళం. పెద్దమందడి దాటాక, రోడ్డు విసుగొచ్చి ఆగిపోయిన చోట మా ఊరుంటుంది. ఒకే బడి, ఒకే బెంచీ. బెంచీలో గోడవైపు వాడు, కిందపడే వైపు నేను.

నా పేరు నారాయణ. యాభై ఆరేళ్ళకే పని మానేశావేమని అడుగుతారు. మైకు హారన్ల కింద కూర్చుని కూర్చుని నా ఎడమ చెవి నాకంటే ముందే రిటైరైంది. దాని వెనకే నేనూ వచ్చేశాను. పనిలో ఉన్నన్నాళ్ళు నేను మైకులో పిలవని పేరు లేదు. పెళ్ళికొడుకులు, తప్పిపోయిన పిల్లలు, వచ్చిన మంత్రులు, రాని మంత్రులు, దారికడ్డంగా బండి పెట్టిన మహానుభావులు, అందరినీ పిలిచాను. నా పేరును మాత్రం ఒక్కరూ మైకులో అనలేదు. చచ్చేలోగా ఒక్కసారి అనిపించుకోవాలి, అదీ రంగనాథ్ నోట అనిపించుకోవాలి అన్నది నా కోరిక. మిగతాదంతా దాని గురించే.

మేనమామ పాట

నాకు పని నేర్పింది జబ్బార్ సాబ్. వనపర్తి బస్టాండు వెనక ఆయన దుకాణం. గడ్డం ఎంత తెల్లగా ఉండేదంటే, కరెంటు పోతే ఆ వెలుతురులోనే వైర్లు కలిపేవాళ్ళం. మాటలు తక్కువ, మొట్టికాయలు ఎక్కువ. మొదట్లో నాతో వైర్లు చుట్టించడమే తప్ప ఇంకో పని చేయించలేదు. చుట్టిన వైరు మరునాడు ముడిపడకుండా విడిపోతే నువ్వు మనిషివి, లేకపోతే కాదు. ఇది ఇప్పటికీ నిజమే. పిల్లలూ, మీ ఫోన్లు పక్కన పెట్టి ముందు వైరు చుట్టడం నేర్చుకోండి.

గద్వాల దగ్గర ఒక పెళ్ళికి ఆయన నన్ను మొదటిసారి ఒంటరిగా పంపాడు. యాంప్లిఫయర్ ముందు నేను కలెక్టరులా కూర్చున్నాను. ఇంతలో పెళ్ళికూతురి మేనమామ మైకు అందుకుని పాట ఎత్తుకున్నాడు. ఆ గొంతును ఎలా వర్ణించను? పందిట్లో పసిపిల్లలు ఏడుపు ఆపి, తమకంటే గట్టివాడు వచ్చాడని గౌరవంగా చూశారు. వంటాయన పప్పులో గరిటె వదిలేశాడు. జనం మేలు కోరి నేను వాల్యూమ్ మెల్లగా దించుతూ పోయాను. చివరికి ఆయన గట్టున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు, సప్పుడు లేదు.

ఆయన గమనించి నా దగ్గరికి వచ్చాడు.

"ఏంరా, కరెంటు పోయిందా?"

"లేదు మామా. మైకు జర గరమైంది."

"నా పాటకు మైకు గరమైందా? నిన్న మొన్న పుట్టిన పోరనివి, నాకు జెప్తవా?"

కండువా దులిపి పోయి పందిరి గుంజకు ఆనుకుని అలిగి కూర్చున్నాడు. పెళ్ళికూతుర్ని ఎత్తుకుని మండపంలోకి తేవాల్సింది మేనమామే. ఆయన లేవడు. లగ్నం దగ్గరికొస్తోంది. పిల్ల లోపల గదిలో, పిలగాడు మండపంలో, మధ్యలో నేను. ఇరువైపులవాళ్ళూ నన్ను చూసిన చూపుకు నా కొత్త చొక్కా పాతబడిపోయింది.

కబురందుకుని జబ్బార్ సాబ్ వచ్చాడు. వచ్చి నా వైపు చూడనైనా చూడలేదు. మైకు తీసి మేనమామ చేతిలో పెట్టి, "భాయ్, మీ పాట సగంల ఆగింది. అది పూర్తి గానిది ఈ పెండ్లి గాదు," అన్నాడు. వాల్యూమ్ ఎంతవరకు పోతుందో అంతవరకు పెట్టాడు. మేనమామ చివరిదాకా పాడి, కన్నీళ్ళు తుడుచుకుని, పిల్లను పూలబుట్టలా ఎత్తుకొచ్చాడు.

తిరుగుదారిలో జబ్బార్ సాబ్ అన్నాడు: "మంచిగ పాడిండా, చెడగ పాడిండా అని నిన్ను ఎవలన్న అడిగిండ్రా? వాల్యూమ్ మీద చెయ్యి పెట్టెటప్పుడు మనసు ఇంట్ల పెట్టి రా బేటా."

ఈ పనికి చదువంటూ ఉంటే అదే.

రేడియో లోపల, నేను బయట

ఇక రంగనాథ్ బాల్యం. పత్రికల్లో మీరు చదివింది మరిచిపోండి. వాడి పేదరికాన్ని దగ్గరుండి చూసినవాణ్ణి నేను. ఎంత పేదరికమంటే, వాళ్ళింట్లో నెయ్యి వారానికి ఏడు రోజులే ఉండేది. వాళ్ళ నాయనది ఊళ్ళోకెల్లా పెద్ద కిరాణా దుకాణం, పైన మిద్దె. పాట నేర్పడానికి అలంపూర్ నుంచి పంతులు బస్సులో వచ్చేవాడు. గద్వాల నుంచి హార్మోనియం వచ్చిన రోజు ఊరంతా చూడటానికి పోయింది. నేను పోలేదు. పోనని ఒట్టు పెట్టుకుని వాళ్ళ గోడ మీదెక్కి చూశాను.

మాది రాతిగోడల కొట్టం. పైన జొన్నసొప్ప. వానొస్తే బయటకంటే లోపల ఎక్కువ కురిసేది. మా అమ్మ ఎల్లమ్మ పల్లీ చేలలో కూలికి పోయేది. సాయంత్రం కొంగున పల్లికాయలు కట్టుకొచ్చేది. వాటిని ఉడకబెట్టుకుంటే అదే మా విందు. నాకున్నది ఒక అంగీ. దాన్ని ఉతికిన పూట నేను గడపదాటేవాణ్ణి కాదు.

రంగనాథ్ వాళ్ళ దుకాణంలో బెల్లం దిమ్మల పక్కన రేడియో ఉండేది. దుకాణదారు ఖచ్చితమైన మనిషి. "కొనెటోల్లు లోపలికి రాండ్రి, వినెటోల్లు బయట నిలవడుండ్రి," అనేవాడు. నేను బయట చూరు కింద నిలబడి వినేవాణ్ణి. విన్న పాట ఒలికిపోకుండా నోరు గట్టిగా మూసుకుని ఇంటికి పరుగెత్తేవాణ్ణి. జొన్న గట్క కలుపుతూ మా అమ్మ, "ఏం పాటరా ఇయ్యాల?" అనేది. దారిలో సగం జారిపోయేది. జారిన చోట మా అమ్మ తన మాటలు వేసుకునేది. పాటలో చందమామ ఉన్న చోట మా మేకను పెట్టేది. రాజకుమారి వచ్చే చోట పటేలు భార్యను పెట్టి నాలుగు తిట్టేది. అసలు పాట కంటే అదే బాగుండేది.

అలా మొదలైంది నా కుళ్ళు. పాట నాకిష్టం, హార్మోనియం వాడికొచ్చింది. నాకు గొంతు రాలేదు. మైకు వచ్చింది.

శ్రీరంగాపూర్‌లో ముసలమ్మ

రంగనాథ్‌కు అప్పుడప్పుడే పేరు వస్తున్న రోజులు. శ్రీరంగాపూర్ జాతరలో, రంగనాయకస్వామి గుడి ముందు వాడి కచేరీ. మైకు నాది. చెరువు గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చెరువులో చేపలు కూడా ఇటు తిరిగే ఉన్నాయి.

వాడు పట్టులాల్చీ సర్దుకుంటుండగా ఒక ముసలమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. నల్లమల వైపు మనిషి. కూతురితో వచ్చి జనంలో తప్పిపోయింది. నా బల్ల అంచు పట్టుకుని వదలడం లేదు.

"మీ బిడ్డ పేరేందవ్వా? నేను పిలుస్త," అన్నాను.

"నువ్వు పిలిస్తె అది రాదయ్యా. అది నా గొంతుకే వస్తది. చిన్నప్పటిసంది గంతె."

మైకు ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె ఒక్కసారి "ఓ చెంచక్కా!" అని పిలిచింది. అడవిలో ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీది మనిషిని పిలిచే పిలుపు అది. జాతర జాతరంతా నిలిచిపోయింది. రంగులరాట్నం తిరగడం మానేసింది. జనం చీలి, ఒకామె చెప్పుల్లేకుండా ఉరికొచ్చి ముసలమ్మను కరుచుకుని, "యాడికి పోయినవే? నా పానం పోయింది గదనే!" అని తిట్టడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు.

దాని తర్వాత రంగనాథ్ పాడాడు. బాగానే పాడాడు. ఎవరూ వినలేదు. అందరూ ముసలమ్మ గురించే మాట్లాడుకుంటున్నారు.

దిగొచ్చాక వాడు నన్ను పట్టుకున్నాడు. "నీయవ్వ, ఆమె ఎనక నన్ను పెడ్తవారా? జర నా పాట అయినంక పిల్వరాదా?"

"బిడ్డ తప్పిపోయింది గదరా."

"నా కచేరీ గూడ తప్పిపోయింది గద!"

ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. పనిలో ఉన్నన్నాళ్ళూ నాకు అంత గొప్ప నిద్ర మళ్ళీ పట్టలేదు. ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది: మైకుకు మంచి గొంతు అక్కర్లేదు, అవసరమున్న గొంతు చాలు. ముందు ఎవరికి ఇవ్వాలో చూసుకోండి.

గుడిసె కావాలన్న అమ్మాయి

తర్వాత వాడు పెరిగిపోయాడు. ఎంత పెరిగాడంటే, మా ఊరికి రావాలంటే వాడికి ఊరు సరిపోదేమో అన్నంత. అప్పుడు టీవీవాళ్ళు వచ్చారు, వాడి చిన్ననాటి ఇల్లు చూపిస్తామని. ఊళ్ళో అందరూ నా మీదకు తోశారు. జీన్సు ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి కిరాణా దుకాణాన్ని, పైన మిద్దెను, టేకు తలుపును చూసి ముఖం ముడుచుకుంది.

"అంకుల్, ఇదేనా? గుడిసె లాంటిది ఏం లేదా?"

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అంత ఎత్తున కూర్చున్నాడు కదా వీడు. కనీసం చిన్నప్పుడన్నా తిండికి లేనివాడని లోకం అనుకుంటే నా కడుపు కొంచెం చల్లబడుతుంది.

"ఎందుకు లేదు బిడ్డా?" అని, కూలిపోయిన మా కొట్టం దగ్గరికి తీసుకుపోయాను. "గీడనే ఉంటుండె. వానకు తడుసుకుంట, ఎండకు ఎండుకుంట." వాడికి మా అమ్మ కొంగున పల్లికాయలు ఇచ్చాను, నా ఒక్క అంగీ ఇచ్చాను. అంగీ ఉతికిన పూట గింజలు పోసే గుమ్మిలో దాక్కునేవాడని కూడా చెప్పాను. నేను గుమ్మిలో దాక్కోలేదు, మాకు గుమ్మే లేదు. అది పైన వేసిన కొసరు.

ఆ అమ్మాయి ఏడ్చింది. కెమెరా పట్టుకున్నవాడు కూడా ఏడ్చాడు, బొమ్మ వణికింది. ఆ కార్యక్రమం చూసి రాష్ట్రమంతా ఏడ్చింది. నేను విసిరింది బురద. అది వాడి మెడలో దండై పడింది. ఇంతకాలం వాడు గొప్ప గాయకుడు మాత్రమే. ఇప్పుడు కష్టాల్లోంచి వచ్చిన గొప్ప గాయకుడు.

రెండు రోజులకు ఫోన్ చేశాడు. తిడతాడని నిలబడి ఎత్తుకున్నాను.

"ఏందిరా నారిగా, నన్ను బీదోన్ని జేసినవంట?"

"అది... ఆ పిల్ల గుడిసె కావాలన్నది రా."

"మంచిగుంది రా! అందరు ఫోన్లు జేస్తున్నరు. ఇంకేమన్న ఉంటె చెప్పు."

అడిగాడు కదా. మా అమ్మ పాటలను, రేడియోను, మేకను కూడా ఇచ్చేశాను. ఇచ్చి ఫోను పెట్టాక నాకే తెలియని ఏదో చోట కాలింది. కానీ అడిగింది రంగనాథ్. అంత గొప్పవాడు నా దగ్గర చేయి చాపడం అదే మొదటిసారి. ఎలా కాదంటాను?

సన్మానం

ఈమధ్య వనపర్తిలో వాడికి సన్మానం పెట్టారు. మైకు కాంట్రాక్టు ఖాజాది. ఖాజా మా ఇంటికి వచ్చాడు.

"మామా, రంగన్న ఫోన్ జేసిండు. మిక్సర్ కాడ నారాయణ కూసోవాలె, లేకుంటె నేను రాను అన్నడు."

నా ఎడమ చెవి కూడా ఆ మాట విన్నది. కొత్త అంగీ కొన్నాను. మా ఇంటిది పద్మ, నన్ను ఎగాదిగా చూసింది.

"కొత్తంగి ఎందుకయ్యా? స్టేజి మీదికి నువ్వు పోతవా, మైకు పోతదా?"

"ఇయ్యాల నా పేరు జెప్తడే."

"ఎవలు?"

"రంగడు."

"నీకాడ అన్ని తీసుకపోయిండు గద, పేరొక్కటన్న ఇయ్యకుండ ఉంచుకో," అంది. అయినా తయారై నాతో వచ్చింది.

సభ మొదలయ్యే ముందు రంగనాథ్ మిక్సర్ దగ్గరికి వచ్చాడు. చుట్టూ జనం, సెల్ఫీలు. నన్ను కౌగిలించుకున్నాడు. వాడి అత్తరుకు నా కొత్త అంగీ ఉతకకుండానే వాసన మార్చుకుంది.

"ముసలోనివైనవ్ రా నారిగా."

"నువ్వు గాలేదా? రంగు జర ఎక్కువ పెట్టినవ్, నొసలు గూడ నల్లగైంది."

వాడు పగలబడి నవ్వాడు. "ఇయ్యాల నీ గురించి జెప్తరా, సూడు," అని మెట్లెక్కాడు.

నేను కాలరు సర్దుకుని కూర్చున్నాను. ఉపన్యాసాలు అయిపోయాయి. శాలువాలు అయిపోయాయి, వాటితో గద్వాల కోటకు గుడారం వేయవచ్చు. చివరికి వాడు మైకు అందుకున్నాడు.

"మైకంటె ఏందో నాకు తెల్పినోడు ఒకడున్నడు. వాడు ఈడనే ఉన్నడు. వాని పేరు..."

నేను సగం లేచాను. సరిగ్గా అప్పుడే ఒక నాయకుడు ఆలస్యంగా వచ్చి, మనిషంత గజమాల వాడి మెడలో వేశాడు. చప్పట్లు, ఫోటోలు. మాల తీసేసరికి వాడి మాట మాలతో పాటు పోయింది. నేను కూర్చున్నాను.

"ఏం జెప్తున్న? ఆ, మా చిన్నతనం..." అని మొదలుపెట్టాడు. మా కొట్టం వచ్చింది. జొన్నసొప్ప వచ్చింది. పల్లికాయలు, అంగీ, ఆ లేని గుమ్మి కూడా వచ్చాయి. "కిరాణం దుకాణం ముంగట నిలవడి రేడియో వింటుంటి," అన్నాడు. సొంత దుకాణం బయట నిలబడ్డ మొదటి సావుకారి కొడుకు వీడే. ముందు వరుసలో పద్మ వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. నా వేలు వాల్యూమ్ మీద ఉంది. కొంచెం కిందికి లాగితే చాలు. గద్వాల మేనమామలా నోరు తెరుస్తూ మూస్తూ నిలబడతాడు.

"మా అమ్మ పాట పాడుతుండె. చందమామ ఉన్నకాడ మా మేకను పెడ్తుండె..."

జనం నవ్వారు. వాడు నవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. తల పక్కకు తిప్పుకున్నాడు, నోరు మైకుకు దూరమైంది. ఏదో అంటున్నాడు, వినిపించడం లేదు. వెనక నుంచి కేకలు మొదలయ్యాయి.

"మామా," ఖాజా నా భుజం తట్టాడు, "ఎనకోల్లకు వినవస్తలేదంట."

మనసు ఇంట్లో పెట్టి రమ్మన్నాడు జబ్బార్ సాబ్. నా మనసు ఇంట్లో లేదు. పట్టులాల్చీ వేసుకుని స్టేజీ మీద నిలబడి నా మేక గురించి చెబుతోంది. చెబుతున్నది మా అమ్మ సంగతి. అది వెనకవాళ్ళకు వినపడదంటే ఎలా?

వాల్యూమ్ పైకి లేపాను. కొంచెం ఎకో కూడా కలిపాను. "మా అమ్మ" అన్న మాట మైదానం దాటి, వనపర్తి దాటి, నా లెక్కలో కృష్ణ ఒడ్డున తాకి తిరిగొచ్చింది. జనం లేచి నిలబడ్డారు. పద్మ కొంగు కళ్ళకు పెట్టుకుంది.

అంతా అయ్యాక నేను వైర్లు చుడుతున్నాను. పద్మ వచ్చి పక్కన నిలబడింది.

"నీ పేరు జెప్పలే."

"జెప్పలే."

"అత్తమ్మను మాత్రం మంచిగ జెప్పిండు."

ఆమె ఖాజా కారు దాకా నడిచిపోయాక రంగనాథ్ వచ్చాడు. శాలువాలు లేవు, జనం లేరు. నా ఎదురుగా వైరు ఇంకో కొస పట్టుకుని నిలబడ్డాడు.

"ఎట్లుందిరా?"

"ఏడుపు జర ఎక్కువైంది."

"నిజంగనే వచ్చిందిరా. మా అమ్మకు దుకాణం లెక్కలే సరిపోతుండె, నాకొక్క పాట పాడలే. పంతులు పోయినంక నేను మీ కొట్టం ఎనక నిలవడుతుంటి. మీ అమ్మ మేకను పెట్టి పాడుతుంటె వింటుంటి. మా ఇంట్ల హార్మోనియం ఉంది గాని ఆ మేక లేకుండె నారిగా." వైరు కొస నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అది నిజమో కాదో నాకు తెలియదు. వాడు కళాకారుడు, పైగా నా దగ్గర తర్ఫీదు పొందినవాడు. అబద్ధమైతే, నాకంటే బాగా ఆడాడని కుళ్ళు. నిజమైతే ఇంకా కుళ్ళు. మా అమ్మ పాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.